ఎముక చెప్పిన వయసు

పదో తరగతి పరీక్షలయిన వేసవిలో మా ప్రణవ్ తలకి వంటింటి గుమ్మం తగలడం మొదలైంది. మొదటిసారి తగిలినప్పుడు వాడూ నేనూ నవ్వుకున్నాం. వారం తిరక్కుండా మళ్ళీ తగిలింది. అప్పటికి వాడికి పదిహేనున్నర. గొంతు ఎప్పుడో మారింది. మీసాలు నల్లగా దిగాయి. వాడి కాలికి సరిపోయే బూట్లు కంకిపాడులో దొరక్క బెజవాడ వెళ్ళాల్సి వచ్చేది. మా వీధిలోకి కొత్తగా అద్దెకొచ్చిన ఒకావిడ వాణ్ణి చూసి, "మీ మరిదిగారా అండీ?" అని అడిగింది. వాడికి అది సరదాగా ఉండేది. నాకూ సరదాగానే ఉండేది.

వాడు ఫాస్ట్ బౌలరు. పెనమలూరు దాటి బందరు రోడ్డు మీంచి లోపలికి వెళ్తే, చెరుకు తోటల పక్కన ఖాలిక్ గారి అకాడమీ ఉండేది. ఖాలిక్ గారు ఒకప్పుడు రంజీ జట్టు గుమ్మం దాకా వెళ్ళి, మోకాలు చెడిపోయి తిరిగొచ్చిన మనిషి. మాట తక్కువ. మావాణ్ణి బ్యాట్స్‌మన్‌ని చెయ్యండి సార్ అని పిల్లల్ని తీసుకొచ్చే తండ్రులుంటారు కదా, వాళ్ళ పిల్లల చేత కూడా ముందు నాలుగు బంతులు వేయించి చూసేవారు.

"బ్యాట్ పట్టుకునేవాళ్ళు వీధికి పదిమంది దొరుకుతారండీ. పరిగెత్తుకుంటూ వచ్చి బలంగా వేసేవాడు జిల్లా మొత్తానికి ఒకడు దొరికితే గొప్ప," అనేవారు.

ఆ ఒకడు మావాడేనని ఆయన మాతో ఎప్పుడూ అనలేదు. కాని వాడి విషయంలో ఆయన పడే జాగ్రత్త చూస్తే తెలిసిపోయేది. రోజుకి ఇన్ని బంతులని లెక్క పెట్టారు. ఆ లెక్క అయిపోయాక వాడు బతిమాలినా బంతి ఇచ్చేవారు కాదు. "వీడి నడుం ఇంకా లేత చెరుకుగడమ్మా. ఇప్పుడు ఆశపడి వంచితే, సరిగ్గా ఇండియాకి ఆడాల్సిన వయసులో విరుగుతుంది," అని నాతో చెప్పారు ఒకసారి. ఇండియాకి ఆడటమన్న మాట ఆయన నోట మామూలుగా వచ్చేసింది. అన్నాక ఆయనే కొంచెం తడబడి, చేతిలో బంతిని ప్యాంటుకి రుద్దుకుంటూ అవతలికి వెళ్ళిపోయారు.

నేను ప్రైవేటు స్కూల్లో టీచర్ని. ఆటల గురించి నాకు తెలిసింది తక్కువ. మే నెలలో ఒక ఆదివారం పొద్దున్నే మా ఆయన నన్ను కూడా స్కూటర్ మీద గ్రౌండ్‌కి తీసుకెళ్ళారు. ప్రణవ్ ఎక్కడో దూరంగా నిలబడి ఉన్నాడు. పరుగు మొదలుపెట్టినప్పుడు నడకలాగే ఉంది. సగం దూరం వచ్చేసరికి వాడి అడుగుల చప్పుడు నాకు వినపడింది. చెయ్యి తిరగడం చూశాను గాని బంతిని చూడలేదు. అవతల కీపరు గ్లౌజుల్లో దభీమని చప్పుడయ్యాక, బ్యాట్ పట్టుకున్న అబ్బాయి బ్యాటు కదిపాడు. కదిపి, సిగ్గుపడుతూ నవ్వాడు. కంచం తీసి సింకులో వెయ్యమంటే విసుక్కునే పిల్లాడు వీడేనా అనిపించింది. పక్కకి తిరిగి చూస్తే మా ఆయన కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటున్నారు. సంతోషం వచ్చినా, కోపం వచ్చినా ఆయన చేసే పని అదొక్కటే.

అండర్ సిక్స్‌టీన్‌లో ఆడటానికి వాడికి అదే ఆఖరి సీజను. అది దాటిపోతే ఆపైన పద్దెనిమిదీ పంతొమ్మిదీ ఏళ్ళ కుర్రాళ్ళతో పోటీ పడాలి. "ఈ ఒక్క ఏడాది రాష్ట్రానికి ఆడితే చాలు, పైవాళ్ళ కంట్లో పడతాడు. బెంగుళూరులో ఫాస్ట్ బౌలర్ల క్యాంపుకి పిలుస్తారు. అక్కడికి వెళ్ళాడంటే ఇంక వీణ్ణి నేను చూసుకోనక్కర్లేదమ్మా, దేశమే చూసుకుంటుంది," అన్నారు ఖాలిక్ గారు. అందుకని ఇంటర్‌కి వాణ్ణి రెసిడెన్షియల్ కాలేజీలో కాకుండా, మధ్యాహ్నానికల్లా వదిలేసే మామూలు కాలేజీలో చేర్చాం. బెజవాడ చుట్టుపక్కల ఎంపీసీ చదివే పిల్లాణ్ణి హాస్టల్లో వెయ్యకపోవడమంటే బంధువుల లెక్కలో గాలికి వదిలెయ్యడమే. అననివాళ్ళు లేరు. మేం పట్టించుకోలేదు.

మా అన్నయ్య వీరభద్రరావు మాత్రం మమ్మల్ని వెనకేసుకొచ్చాడు. మా పుట్టిల్లు చల్లపల్లి దగ్గర. నాన్న పోయాక అన్నయ్య పొలంలో సగం రొయ్యల చెరువులు తవ్వించాడు. కలిసొచ్చింది. పట్టుబడి అయినప్పుడల్లా ఐసుపెట్టెలో రొయ్యలు పెట్టి అవనిగడ్డ బస్సులో పంపించేవాడు. "ఫాస్ట్ బౌలర్ని పప్పన్నంతో పెంచుతావటే?" అని ఫోన్లో నన్ను కేకలేసేవాడు. వాళ్ళబ్బాయి తనుష్ కూడా ఖాలిక్ గారి దగ్గరే నేర్చుకునేవాడు, బెజవాడలో వదిన వాళ్ళ చెల్లెలింట్లో ఉండి. సన్నగా, పొట్టిగా ఉండేవాడు. వేగం లేదు గాని బంతిని గాల్లో వంకర తిప్పేవాడు. మావాడికంటే ఏడాదిన్నర పెద్ద. ప్రణవ్ వాణ్ణి బావా బావా అంటూ వెనకాలే తిరిగేవాడు. అకాడమీకి బంతులు వేసే మిషను కొనిపెట్టింది మా అన్నయ్యే. క్రికెట్ అసోసియేషన్‌లో కూడా ఆయన మాటకి కాస్త విలువుండేది.

జూన్ మొదట్లో అన్నయ్య ఇంటికొచ్చాడు. భోజనాలయ్యాక వరండాలో కూర్చుని, మా ఆయనతో మెల్లిగా మొదలుపెట్టాడు. మా ఆయన విశ్వేశ్వర్ మున్సిపల్ ఆఫీసులో జనన మరణాల సెక్షన్లో పనిచేసేవారు. ఆ సంగతి ముందే చెప్పాల్సింది.

"బావగారూ, తనుష్ పుట్టిన తేదీ కాస్త సర్దాలి. మీ చేతిలో పనే."

"నా చేతిలో ఉండేది రిజిస్టరు బావగారూ. అందులో తేదీలు నావి కావు," అన్నారు మా ఆయన.

"ఎవరికి నష్టం చెప్పండి? అకాడమీలో సగం మందికి రెండేసి వయసులున్నాయి. కావాలంటే మేనల్లుణ్ణి అడగండి."

ప్రణవ్ అక్కడే మెట్ల మీద కూర్చుని బూట్లకి అంటిన మట్టి గోకుతున్నాడు. "అవును నాన్నా. మేం ఒకళ్ళనొకళ్ళం అడిగేటప్పుడే ఒరిజినలా, క్రికెట్టా అని అడుగుతాం," అన్నాడు.

"మరి నీదేదిరా?" అన్నాడు అన్నయ్య.

"నాకు ఒకటే ఉంది మావయ్యా."

అందరం నవ్వాం. అన్నయ్య కూడా నవ్వాడు. మా ఆయన మాత్రం కళ్ళద్దాలు తుడుచుకుని, "అది నా వల్ల కాదు బావగారూ, ఏమీ అనుకోకండి," అన్నారు. అన్నయ్య ఏమీ అనుకున్నట్టు కనపడలేదు. వెళ్తూ వెళ్తూ ప్రణవ్ వీపు మీద చరిచి, "బాగా తిను," అన్నాడు. జూలై వచ్చేసరికి ఆ పని ఇంకెక్కడో అయిపోయిందని తెలిసింది. ఎక్కడని మేం అడగలేదు.

సెలక్షన్స్ వానల్లో జరిగాయి. రెండు రోజులు ఆట ఆగిపోయి, మూడో రోజు ఎండ కాసింది. ఆ తడి పిచ్ మీద ప్రణవ్ వేసిన బంతులు ఆడలేక ఒకబ్బాయి కావాలనే అవుటై వెళ్ళిపోయాడని తనుష్ మా ఇంటికొచ్చి నటించి చూపించాడు. ఇద్దరి పేర్లూ జాబితాలో ఉన్నాయి. ఇంక మిగిలింది ఎముకల టెస్టు. పిల్లల ఎడమ మణికట్టుకి ఎక్స్‌రే తీస్తారు. ఎముకల చివర్లు ఎంతవరకూ అతుక్కున్నాయో చూసి వయసు కడతారు. ఆగస్టులో బెజవాడ తీసుకెళ్ళి నేనే చేయించుకొచ్చాను. బయట బెంచీల మీద పాతికమంది తల్లిదండ్రులున్నారు. ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకోవడం లేదు. నేనొక్కదాన్నే పక్కావిడతో కబుర్లు చెప్పినట్టు గుర్తు. నాకు భయమెందుకు?

ఫలితం ఫోన్లో చెప్పకుండా ఖాలిక్ గారే మా ఇంటికొచ్చారు. సాయంత్రం. టీ ఇచ్చాను. ముట్టుకోలేదు.

"పదిహేడు దాటిందన్నారు," అన్నారు.

"ఎవరికి?" అన్నారు మా ఆయన.

"మనవాడికి. ఎముకలకి."

మా ఆయన నావైపు చూశారు. నేను ప్రణవ్ వైపు చూశాను. వాడు నవ్వబోయి, మా మొహాలు చూసి ఆగిపోయాడు.

"ఎక్స్‌రే తీసినవాళ్ళ తప్పేం లేదండీ," అన్నారు ఖాలిక్ గారు. "కొంతమంది పిల్లలు ముందే ఎదిగిపోతారు. అసలు అలా ఎదిగినవాళ్ళే ఈ వయసులో ఫాస్ట్ వెయ్యగలిగేది. టెస్టు పెడితే ముందు పట్టుబడేదీ వాళ్ళే."

"ఆ సంగతి వాళ్ళకి తెలీదా సార్?" అన్నాను.

"తెలుసమ్మా. కాని తేదీలు మార్చేవాళ్ళు ఇంతమంది ఉన్నాక, వాళ్ళు కాగితాన్ని నమ్ముతారా, ఎముకని నమ్ముతారా?"

"తనుష్‌కి?" అని అడిగాడు ప్రణవ్.

ఖాలిక్ గారు వాడివైపు తిరిగారు. "పాసయ్యాడు. పదిహేను చిల్లర అన్నారు," అన్నారు.

ఆయన్ని గేటు దాకా దిగబెట్టడానికి వెళ్ళాను. బండి స్టాండు తీసి కూడా ఎక్కకుండా నిలబడ్డారు. "అమ్మా, నాతో చెప్పినా పర్లేదు. నేనేం అనుకోను. ఇరవయ్యేళ్ళ నుంచి చూస్తున్నా, పిల్లాడి కోసం ఎవరైనా చేస్తారు," అన్నారు.

"వాణ్ణి కన్నది నేనండీ. వరదలో కన్నాను. తేదీ మర్చిపోతానా?"

"అలాగేనమ్మా," అన్నారు. ఆ మాటలో నమ్మకం లేదు. కోపమూ లేదు. దయగానే అన్నారు. అదే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆయనే మళ్ళీ ఒక దారి చెప్పారు. అసోసియేషన్ పెద్దలు వినిపించుకునే మనిషి, అందులోనూ పుట్టినప్పుడు దగ్గరున్న మనిషి ఎవరైనా వచ్చి ఒక్క మాట చెప్తే, ఇంకో డాక్టరు చేత చూపించమని తను అడుగుతానన్నారు. అలాంటి మనిషి ఒక్కడే ఉన్నాడు, మా అన్నయ్య.

వారం పది రోజుల్లో సంగతి ఊరంతా పాకింది. మోసం చేశామని మమ్మల్ని ఎవరూ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. జాలిపడ్డారు. "పుట్టిన తేదీలిచ్చే సీట్లో కూర్చుని కూడా సరిగ్గా చేసుకోలేకపోయాడు పాపం. ఒక్క ఏడాది తగ్గించుకుంటే దొరికేవాడు కాదు, రెండేళ్ళకి ఆశపడ్డాడు," అని మా స్కూల్ స్టాఫ్‌రూమ్‌లోనే అనుకున్నారు. నేను లోపలికి వెళ్ళేసరికి ఒకావిడ నా చెయ్యి పట్టుకుని, పిల్లల విషయంలో మనం ఎంత పకడ్బందీగా ఉన్నా ఏదో ఒకటి జరుగుతుందండీ అని ఓదార్చింది.

మా ఆయన ఆఫీసుకి కూడా ఒకాయన వచ్చాడట. కొడుకు తేదీ మార్చాలని. ఇలాంటివాళ్ళు ఇంతకుముందూ వచ్చేవాళ్ళు, గుమ్మం బయటే అటూ ఇటూ తిరిగి వెళ్ళిపోయేవాళ్ళు. ఈయన మాత్రం నేరుగా వచ్చి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చున్నాడట. "మీ బాబుకి చేసుకున్నట్టే మాకూ చేసిపెట్టండి సార్. మాది ఎముకల దాకా వెళ్ళదులెండి, స్కూల్ అడ్మిషనే," అన్నాడట. ఆ మాట మా ఆయన అన్నం తింటూ నవ్వుతూ చెప్పారు. చెప్పి, కళ్ళద్దాలు తీశారు. తుడవలేదు. కంచం పక్కన పెట్టుకుని అలాగే తిన్నారు. ఆ నెలలోనే తనని నీటిపన్నుల సెక్షన్‌కి మార్చమని అడిగి మార్పించుకున్నారు. సర్వీసు సగం పైగా ఆ ఒక్క సీట్లోనే గడిపిన మనిషి.

ప్రణవ్ కొన్నాళ్ళు ఏమీ అడగలేదు. ఒకరోజు నేను డాబా మీద బట్టలు తీస్తుంటే పైకొచ్చాడు. నేను తీసినవి వాడు మడతపెట్టడం మొదలెట్టాడు. అడక్కుండా పనిచేశాడంటే ఏదో ఉందనుకున్నాను.

"అమ్మా, నిజం చెప్పు. నేనేం అనుకోను."

"ఏం నిజంరా?"

"నాకెన్నేళ్ళు?"

నేను చేతిలో చొక్కా అలాగే పట్టుకుని నిలబడిపోయాను.

"క్రికెట్ కోసం అనట్లేదు," అన్నాడు వాడు గబగబా. "చిన్నప్పుడు స్కూల్లో వేసేటప్పుడు కూడా తగ్గిస్తారంట కదా. అప్పుడు క్రికెట్ గురించి మీకేం తెలుసు. మీరు కావాలని చెయ్యలేదని నాకు తెలుసు."

"ఎప్పుడూ తగ్గించలేదు నాన్నా. నువ్వు రెండువేల తొమ్మిది అక్టోబరులో పుట్టావు. కృష్ణకి వరదొచ్చింది. కరకట్ట తెగుతుందని ఊరు ఊరంతా లేచిపోయింది. నొప్పులొస్తుంటే మీ మావయ్య నన్ను ట్రాక్టరు ట్రక్కులో గడ్డి పరిచి పడుకోబెట్టి, మోకాల్లోతు నీళ్ళల్లోంచి చల్లపల్లి తీసుకెళ్ళాడు. తెల్లారేసరికి నువ్వు పుట్టావు."

వాడు ఈ కథ చిన్నప్పుడు ఎన్నోసార్లు అడిగి చెప్పించుకున్నదే. ఈసారి మాత్రం మధ్యలో ఏమీ అడగలేదు. "మరి ఎముకలెందుకలా చెప్తాయి?" అన్నాడు.

దానికి ఖాలిక్ గారు చెప్పిందే మళ్ళీ చెప్పాను. నా నోట్లో ఆ మాటలు సాకులాగే వినపడ్డాయి.

"మావయ్య వచ్చి చెప్తే ఇంకోసారి చూస్తారంట కదా," అన్నాడు వాడు.

"రేపే వెళ్ళి అడుగుతాను."

మర్నాడు స్కూలుకి సెలవు పెట్టి అవనిగడ్డ బస్సెక్కాను. ఉయ్యూరు దాటాక దారి పొడుగునా నాట్లు పడిన పొలాలు పచ్చగా ఉన్నాయి. చల్లపల్లి దగ్గరికొచ్చేసరికి ఆ పచ్చదనం మధ్యలో చెరువులు మొదలవుతాయి. అన్నయ్య చెరువు గట్టునే ఎదురొచ్చాడు. నన్ను చూడగానే వదినకి ఫోన్ చేసి, జానకి వచ్చింది వంట మొదలెట్టమని చెప్పాడు.

అన్నం తింటుండగా అడిగాను. పెద్దవాళ్ళ దగ్గరికి వచ్చి ఒక్క మాట చెప్పమన్నాను. కాగితాలేం అక్కర్లేదు, నువ్వు తీసుకెళ్ళింది ఏ వరదలోనో చెప్తే చాలన్నాను.

"ఏ వరదంటే ఏం గుర్తే నాకు? అంతకుముందేడు కూడా నీళ్ళొచ్చాయిగా. అన్నీ కలిసిపోతాయి," అన్నాడు అన్నయ్య కంచంలోకి చూస్తూ.

వడ్డిస్తున్న జ్ఞానేశ్వరి వదిన నవ్వింది. "అదేంటండీ, తొమ్మిదిలోనే. మన తనుష్‌కి అప్పుడే నడక వచ్చింది. వాడు నీళ్ళల్లోకి పరిగెడుతుంటే చంకనేసుకుని నేను మిద్దెక్కాను కదా. మీరు జానకిని తీసుకుని..."

అక్కడ ఆగిపోయింది. తనేం అన్నదో తనకి అప్పుడు అర్థమైనట్టుంది. గరిట గిన్నెలో పెట్టి మా ఇద్దరి మొహాలూ చూసింది.

"మజ్జిగ తీసుకురా," అన్నాడు అన్నయ్య.

తరవాత చెరువు గట్టు మీదకి నడిచాం. నీళ్ళల్లో రొయ్యలకి గాలి అందించే ఏరేటర్లు గిరగిరా తిరుగుతున్నాయి. ఆ హోరులో గట్టిగా మాట్లాడితే గాని వినపడదు. అన్నయ్య గట్టిగా మాట్లాడలేదు.

"మా ఇంట్లో ఎవరెప్పుడు పుట్టారో నేను వెళ్ళి చెప్పడం మొదలుపెడితే, అది ప్రణవ్‌తో ఆగదే. తనుష్ పేరు జట్టులోకి వెళ్ళబోతోంది."

"తనుష్ సంగతి ఎవరూ అడగరన్నయ్యా. నేనూ ఎత్తను."

"అడుగుతారు." చెరువు వైపు తిరిగి, "నీ కొడుక్కేమే? ఒళ్ళుంది, వేగముంది. ఇవాళ కాకపోతే రేపు ఆడతాడు. మావాణ్ణి చూశావుగా. ఈ ఒక్కటీ పోతే వాడికింకేముంది?" అన్నాడు.

ఏడుస్తాడేమో అనిపించింది. నాకు పదేళ్ళప్పుడు కాలవలో పడితే దూకి తీసినవాడు. వరదలో ట్రాక్టరు తోలుతూ వెనక్కి తిరిగి తిరిగి, భయపడకే జానకీ అని అరిచినవాడు. ఆయన చెప్పేది తప్పని నాకు తెలుసు. అయినా వాదించకుండా బస్సుకి బయల్దేరాను. బస్సు దగ్గరికొచ్చి ఐసుపెట్టె నా సీటు కింద పెట్టి దిగాడు.

ఇంటికొచ్చి ఆ రొయ్యలు వండాను. పారెయ్యడానికి చేతులు రాలేదు. ప్రణవ్ రెండుసార్లు వడ్డించుకున్నాడు.

"ఏమన్నాడమ్మా మావయ్య?"

"చెప్పనన్నాడు."

"ఎందుకు?"

"తనుష్ కోసం."

వాడు ముద్ద కలుపుతూ ఆలోచించాడు. "అదేం కాదులే అమ్మా. మావయ్యకి నేనంటే ఇష్టం. నిజమైతే చెప్పేవాడు. అబద్ధం ఆడలేక అలా అని ఉంటాడు," అన్నాడు.

మా ఆయన తింటున్నవారు లేచి చెయ్యి కడుక్కున్నారు. నేను వదిన అన్న మాట చెప్పాను, గట్టు మీద అన్నయ్య అన్నదంతా చెప్పాను. వాడు తలూపాడు. మా మాట కాదనలేక తలూపాడని తెలుస్తూనే ఉంది.

ఆ తరవాత కూడా కొన్నాళ్ళు గ్రౌండ్‌కి వెళ్ళాడు. రాష్ట్ర జట్టులోకి వెళ్ళే పిల్లలకి ప్రాక్టీసు కావాలి కదా, నెట్స్‌లో వాళ్ళకి బంతులు వెయ్యడానికి మావాణ్ణి పెట్టారు. తనుష్ బ్యాట్ పట్టుకుంటే వాడికి కూడా వేశాడు. ఒక సాయంత్రం ఇంటికొచ్చి, నడుం పట్టేసిందని కింద చాప మీద పడుకున్నాడు. నూనె వేడి చేసి రాస్తూ, "ఇవాళ ఎన్ని వేశావురా?" అని అడిగాను.

"లెక్కపెట్టలేదు."

"సారు?"

"సార్ కూడా పెట్టట్లేదమ్మా ఇప్పుడు."

వాడు మామూలుగానే అన్నాడు. మర్నాడు ఖాలిక్ గారికి ఫోన్ చేశాను. ఆయన అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. "పైకి పంపాల్సిన పిల్లలు పదిమంది ఉన్నారమ్మా నాకు. ఇద్దరు మనుషులం ఉన్నాం. ఎవర్ని చూడమంటారు?" అన్నారు. అడిగినదాంట్లో అన్యాయం లేదు. ఇంకో రెండేళ్ళు ఆగితే పెద్దవాళ్ళ జట్టుకి ప్రయత్నిద్దామన్నారు. ప్రణవ్‌కి ఆ మాట చెప్తే, "అప్పుడు మాత్రం నమ్ముతారా?" అన్నాడు.

దసరా సెలవులు కాగానే వాణ్ణి తీసుకెళ్ళి రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చారు మా ఆయన. వాడే అడిగాడు. మధ్యలో చేర్చుకునేది లేదని కాలేజీవాళ్ళు అంటే, ఈయన వెళ్ళి ప్రిన్సిపాల్‌ని బతిమాలి ఒప్పించారు. పెట్టె సర్దేటప్పుడు బూట్లు పెట్టనా అని అడిగాను. వాడు నవ్వి, అక్కడ నడవడానికి కూడా చోటుండదమ్మా అన్నాడు.

చలికాలంలో తనుష్ రాష్ట్రానికి ఆడాడు. ఒక మ్యాచ్‌లో వేసి, రెండు వికెట్లు తీసి, మిగతావాటికి బయట కూర్చున్నాడు. పేపర్లో జిల్లా పేజీలో ఫోటో వేశారు. అన్నయ్య బందరు లడ్డూలు పట్టుకుని కంకిపాడు వచ్చాడు. గుమ్మం దగ్గరే ఆగి, "అల్లుడు లేడా?" అన్నాడు.

"హాస్టల్లో ఉన్నాడన్నయ్యా."

"ఆట మానేశాడంటగా."

"మానేశాడు."

లడ్డూల డబ్బా తీసుకున్నాను. కూర్చోమన్నాను. ఆయన కూర్చోలేదు. మా ఆయన లోపలి గదిలోనే ఉన్నారు, బయటికి రాలేదు. అన్నయ్య కారెక్కేముందు ఏదో చెప్పబోయి, నా తలమీద చెయ్యి పెట్టి తీసేశాడు. ఆ తరవాత ఐసుపెట్టెలు రావడం ఆగిపోయింది. మేమూ అడగలేదు.

హాస్టల్లో నెలకొక ఆదివారం పేరెంట్స్‌ని రానిస్తారు. జనవరిలో క్యారియర్ సర్దుకుని వెళ్ళాను. బిల్డింగు కింద కార్లు పెట్టే చోట చాపలు పరిచారు. ఎక్కడ చూసినా తల్లులు కొడుకులకి తినిపిస్తున్నారు. ప్రణవ్ కాస్త చిక్కాడు. భుజాలు వంచి కూర్చోవడం కొత్తగా అలవాటైంది. లెక్కల్లో పై సెక్షన్‌కి మారానని చెప్పాడు. అన్నం కలుపుతుంటే వాడి రూమ్‌మేటు వచ్చి మా పక్కనే గొంతుక్కూర్చున్నాడు. కంకిపాడులో ఆ కొత్తావిడ చూసినట్టే వాడు కూడా మా ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"ఆంటీ, వీడికి నిజంగా పదహారేనా? వార్డెన్ సార్ కూడా నమ్మట్లేదు."

నేను నోరు తెరిచాను. ఇన్ని నెలలుగా చెప్పిందే మళ్ళీ చెప్పబోయాను. నాకంటే ముందే ప్రణవ్ అన్నాడు:

"పదిహేడురా. సర్టిఫికెట్లో తక్కువుంటుంది."

ఆ మాటలో కోపం లేదు. ఎత్తిపొడుపు లేదు. ఎవరి కాలేజీ ఏ ఊళ్ళో ఉందో చెప్పినంత మామూలుగా అన్నాడు. అని, ఎంగిలి కాని చేత్తో నా చెయ్యి పట్టుకుని మెత్తగా నొక్కాడు. ఊరుకో అమ్మా, నేను చూసుకుంటాలే అన్నట్టు. ఆ కుర్రాడు నవ్వి వెళ్ళిపోయాడు. ప్రణవ్ మళ్ళీ అన్నంలోకి వంగాడు. చెయ్యని తప్పుకి కన్నకొడుకు క్షమిస్తుంటే, వద్దని ఏమని చెప్పాలి?

టైమైందని మైకులో చెప్పారు. గిన్నెలు సర్దుకుని లేచాను. గేటు దాకా వచ్చాడు. సెక్యూరిటీ అతను లోపలికి వెళ్ళమంటుంటే, ఒక్క నిమిషం అని చెప్పి నా వైపు వంగాడు.

"నాన్న అదే పనిగా బాధపడుతున్నారు కదమ్మా. నేనేం అనుకోవట్లేదని చెప్పు. నా కోసమే కదా చేశారు."

చెప్తానన్నాను.

ఇంటికొచ్చేసరికి మా ఆయన వరండాలో కూర్చుని ఉన్నారు. ఎలా ఉన్నాడన్నారు. బాగా చదువుతున్నాడని చెప్పాను, లెక్కల్లో సెక్షన్ మారాడని చెప్పాను, కూర బాగుందన్నాడని చెప్పాను. ఆ ఒక్క మాట మాత్రం ఆయనకి నేను ఇప్పటికీ చెప్పలేదు.